అమ్మంత ఎత్తు కొవ్వొత్తి

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె సోమవారం పొద్దున్నే నా టేబుల్ దగ్గరికి వచ్చి ఫోన్ చూపించింది. "మేడమ్, వీకెండ్ ట్రెక్కింగ్‌కి వెళ్ళాం. కొండపల్లి వెనక కొండల్లోకి. అబ్బ, క్యాన్యన్ మేడమ్, అచ్చంగా క్యాన్యన్! మన పక్కనే ఇలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలీదు!" అంది. రంగురంగుల బూట్లు, వీపులకి నీళ్ళ సంచులు, ఎండ తగలకుండా టోపీలు. ఒక ఫోటోలో రెండు నిలువు బండల మధ్య పక్కకి తిరిగి దూరుతూ నవ్వుతోంది. ఆ ఇరుకు నాకు తెలుసు.

"కష్టమైందా?" అన్నాను.

"చచ్చిపోయాం మేడమ్. పొద్దున బయల్దేరితే సాయంత్రం అయింది. నేనైతే లీటర్లు లీటర్లు నీళ్ళు తాగాను."

నా నోరు ఊరుకునే రకం కాదని ఆఫీసులో అందరూ ఎరుగుదురు. ఆ రోజు మాత్రం ఊరుకున్నాను. ఏమని చెప్పను? ఆ దారినే చెప్పులు లేకుండా, గుక్కెడు నీళ్ళు తాగకుండా, అన్నయ్యా నేనూ అయిదడుగుల కొవ్వొత్తిని మోసుకుంటూ నడిచామని చెప్తే ఆ పిల్ల ఏమనుకుంటుంది? ఫోన్ చేతికిచ్చేసి ఫైలు తెరిచాను. ఆ పూట నేను చేసిన పనంతా తప్పుల తడకే.

అప్పట్లో మేము కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళ వీధిలో అద్దెకుండేవాళ్ళం. నాన్న థర్మల్ కరెంటు స్టేషన్‌లో కాంట్రాక్టు కూలీ, బొగ్గు దింపే పని. డ్యూటీ దిగి వస్తే కళ్ళూ పళ్ళూ తప్ప అంతా నలుపే. అమ్మ ఇంట్లో కూర్చుని బొమ్మలకి రంగులేసేది. చింతగింజల బంక వాసన, తడి సున్నం వాసన, రంగు డబ్బా మూత తీయగానే ముక్కుకి కొట్టే ఘాటు, ఇవే మా ఇంటి వాసనలు. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి సన్నటి బూడిద పడేది. దులుపుకుని తొడుక్కోవడమే, దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

మా ఇంట్లో గోడ మీద మరియమ్మ తల్లి పటం ఉండేది. దాని కింద చాప మీద దశావతారాలు ఆరుతుండేవి. అమ్మకి ఇందులో వింతేమీ కనిపించేది కాదు. కళ్ళు దిద్దడంలో అమ్మని మించినవాళ్ళు వీధిలో లేరు. మేకవెంట్రుకల కుంచె సన్నగా నలుపులో ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క చుక్క. అంతే, కొయ్యముక్క మనవంక చూసేది. ఒకసారి అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు నేను అంబారీ ఏనుగు బొమ్మకి కళ్ళజోడు గీశాను. వీపు మీద దెబ్బ పడుతుందని నక్కి కూర్చుంటే, అమ్మ దాన్ని చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పెద్దదైంది పాపం, చత్వారం వచ్చింది," అని అన్నయ్యకి చూపించింది. తర్వాత సున్నం పూసి మళ్ళీ రంగేసిందనుకోండి.

అమ్మకి కడుపులో గడ్డ అని తెలిసింది చలికాలంలో. బెజవాడ ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇంటికి పంపించారంటే తగ్గిందనే నేననుకున్నాను. వీధంతా తిరిగి మా అమ్మకి తగ్గిందోచ్ అని చాటాను. ఎవరూ కాదనలేదు. చాక్లెట్లు కూడా ఇచ్చారు కొందరు.

అప్పుడొచ్చింది మా అమ్మమ్మ, చల్లపల్లి అవతల సముద్రం ఒడ్డు నుంచి, నెత్తిన ఎండు చేపల గంపతో. ఆ గంప దింపితే వీధి చివర కుక్కలు కూడా మా గుమ్మం ముందు హాజరు. అమ్మమ్మ వాళ్ళది చేపలమ్మే కుటుంబం. అమ్మ మా నాన్నని చేసుకుని క్రైస్తవుల గుళ్ళో కలిసింది గానీ అమ్మమ్మ నుదుట రూపాయంత బొట్టుతోనే ఉండేది. గంగమ్మకి మొక్కేది, గుణదల మేరీమాతకీ మొక్కేది. "తల్లి కష్టం తల్లికి తెలియదటే? ఏ తల్లైతేనేం!" అనేది.

వచ్చిన మర్నాడే ప్రకటించింది. "నా కూతురికి తగ్గాలని నిలువెత్తు కొవ్వొత్తి మొక్కుకున్నా. గుడ్ ఫ్రైడే నాడు కొండ మీద సిలువ దగ్గర వెలిగించాలి."

నిలువెత్తు కొవ్వొత్తి అంటే మనిషెంత ఎత్తుంటే అంత. మనిషిని దారంతో కొలిచి, ఆ దారం గుణదలలో కొవ్వొత్తులు పోసేవాళ్ళకి ఇస్తే పోసిస్తారు. నాన్న దారం తెచ్చి మంచం మీద పడుకున్న అమ్మ పక్కన పరచబోయాడు. అమ్మమ్మ ఇంతెత్తున లేచింది.

"ఏందయ్యా, బుద్ధుందా? పడుకోబెట్టి కొలుస్తారా? అది పెట్టెకి కొలిచే కొలత! లేపండి, నిలబెట్టండి దాన్ని!"

నాన్న మొహం మాడిపోయింది. నాన్న ఒక పక్క, అన్నయ్య ఒక పక్క చంకల కింద చేతులేసి అమ్మని గోడకి నిలబెట్టారు. అమ్మమ్మ వంగి మడమ దగ్గర దారం పట్టుకుంది, నేను స్టూలెక్కి నెత్తి దగ్గర పట్టుకున్నాను. అమ్మ ఆయాసపడుతూనే నవ్వింది. "ఏందర్రా, నన్ను పోలీసులో చేర్పిస్తారా?" అంది. అందరం నవ్వాం. అన్నయ్య ఒక్కడే నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో నాకప్పుడు తట్టలేదు. అమ్మ నొప్పిని నాన్న ముందు దాచేది, నా ముందు దాచేది. అన్నయ్య ముందు దాచడం కుదరలేదు. లేపి కూర్చోబెట్టేదీ, పక్క బట్టలు మార్చేదీ, రాత్రిళ్ళు వీపు నిమిరేదీ అన్నయ్యే గనక. టెన్త్ పరీక్షలకి పుస్తకం పట్టుకుని అమ్మ మంచం పక్కనే కూర్చునేవాడు. అమ్మ పళ్ళ మధ్య కొంగు కుక్కుకుని మూలిగే మూలుగు అన్నయ్యకి వినిపించినట్టు ఇంకెవరికీ వినిపించలేదు.

కొవ్వొత్తిని నాన్న బెజవాడ నుంచి బస్సులో తెచ్చాడు. పడుకోబెట్టడానికి చోటు లేక నిలబెట్టి పట్టుకున్నాడట. "మనిషంత ఉంది, దీనికీ టికెట్టు కొట్టమంటారా?" అని కండక్టరు నవ్వాడని వచ్చి చెప్పాడు. అమ్మ మంచం పక్కన దాన్ని నిలబెట్టి చూసుకుంటే కాస్త లావు తక్కువ గానీ ఎత్తు సరిగ్గా సరిపోయింది.

మొక్కు నిబంధనలు చెప్పడానికి మా గుళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి గారు వచ్చారు. చాదస్తం మనిషి, మంచివారు. "మొక్కున్నవాళ్ళు బండి దారిన రాకూడదండీ. గండి దారినే నడిచి రావాలి. కొవ్వొత్తిని రక్తసంబంధీకులే మొయ్యాలి, దారిలో నేల మీద పెట్టకూడదు. వెలిగించేదాకా నీళ్ళు ముట్టకూడదు. తర్వాత ఏం అడగాలో అది మనసులో అడుక్కోవాలి. ఆ అడిగింది ఎవరికీ చెప్పకూడదు," అన్నారు. కొండకి అటువైపు ట్రాక్టర్లు వెళ్ళే దారి ఉంది. ఊరంతా ఆ దారినే వెళ్ళేది. గండి అంటే రెండు కొండల మధ్య వాగు కోసుకున్న లోతైన చీలిక. వానాకాలం నీళ్ళు, ఎండాకాలం బండలు.

అమ్మమ్మ మోకాళ్ళు కొండెక్కేవి కావు. నాన్నది రక్తసంబంధం కాదాయె, పైగా ఆ రోజు సెలవూ ఇవ్వలేదు. ఇక రక్తసంబంధం అంటే మేమిద్దరమే మిగిలాం. "ఇంత పిల్లనా?" అన్నాడు నాన్న నన్ను చూసి. నేను ఎగిరి గంతేశాను. కొండెక్కడం కంటే స్కూల్లో చెప్పుకోవడానికి గొప్ప సంగతి ఏముంటుంది?

తెల్లారకముందే అమ్మమ్మ కొవ్వొత్తిని సిద్ధం చేసింది. ఎండకి మైనం కరిగిపోతుందని ఆవిడ భయం. జీవితమంతా పచ్చి చేపల్ని ఎండ నుంచి కాపాడిన మనిషి కదా, తనకి తెలిసిన విద్యే చేసింది. తన చేపల గోనెపట్టా తడిపి, కొవ్వొత్తికి తల నుంచి కాళ్ళదాకా చుట్టి, పురికొస బిగించింది. "ఎక్కడ నీళ్ళు కనపడితే అక్కడ పట్టా తడపండి. ఆరనివ్వొద్దు. ఆరిందా, అంతే సంగతులు!" అని వీధి మలుపుదాకా అరుస్తూనే ఉంది. అమ్మ మంచం మీంచి నా చెయ్యి పట్టుకుంది. "రాళ్ళు చూసి అడుగెయ్యి. అన్నయ్యని విసిగించకు," అంది. విసిగించను అన్నాను.

ముందు అన్నయ్య, వెనక నేను. మొదట్లో బాగానే ఉంది. వాగు ఇసక చల్లగా కాళ్ళకి తగులుతుంటే నేను పాటలు కూడా పాడాను. పొద్దెక్కేకొద్దీ ఇసక పోయి రాళ్ళొచ్చాయి. రాళ్ళు పోయి బండలొచ్చాయి. ఒక్కో బండ మా ఇంటి వంటగదంత. అన్నయ్య కొవ్వొత్తి చివర నా భుజానికి ఆనించి, తను బండెక్కి, పై నుంచి అందుకునేవాడు. ఆ తర్వాత నేను ఎక్కాలి. కింద పెట్టకూడదు గనక ఇద్దరి చేతులూ ఒకేసారి ఖాళీ అయ్యే వీలే లేదు. పక్కకి వెళ్ళాల్సొస్తే ఒకళ్ళు దాన్ని అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, ఇంకొకళ్ళు వెళ్ళిరావడం. కొండముచ్చులు కొమ్మల మీద కూర్చుని మా అవస్థ చూశాయి. ఒకటి మా వెనకే చాలా దూరం వచ్చింది, గోనెలో తినేదేదో ఉందనుకుని. దానికీ చేపల వాసనే కొట్టి ఉంటుంది.

దాహం మొదలైంది. గొంతులో ఇసక పోసినట్టుంది. మడుగు కనపడితే ప్రాణం లేచొచ్చేది. పచ్చగా పాచిపట్టిన నీళ్ళే, అయినా ఎంత అందంగా ఉన్నాయో! అన్నయ్య గోనెని అందులో ముంచి తడిపేవాడు. చేతి నుంచి నీళ్ళు కారుతుంటే నేను నోరు తెరిచి చూసేదాన్ని.

"అన్నయ్యా, నీళ్ళు తాగను. పండు తింటే తప్పా?"

"ఏం పండు?"

"అదుగో, పాలపళ్ళు."

"తింటే పెదాలంటుకుంటాయే, ఇంకా దాహమేస్తుంది."

వింటానా నేను? అన్నయ్య ముందుకి తిరగ్గానే ఒంటిచేత్తో దూసి గుప్పెడు నోట్లో వేసుకున్నాను. తియ్యగా బావున్నాయి. కాసేపటికి పెదాలు జిగురు పూసినట్టు అతుక్కుపోయాయి. అన్నయ్య ఏదో అడిగితే ఊఁ ఊఁ అన్నాను. వెనక్కి తిరిగి నా మూతి చూసి ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "బతికాను. నీ నోరు మూయించాలంటే పాలపళ్ళు కొనిపెడితే చాలన్నమాట," అన్నాడు.

నిలువు బండల ఇరుకు దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. గాలి లేదు. రెండు పక్కలా రాయి పొయ్యిలా కాలుతోంది. కొవ్వొత్తి మెత్తబడి నడుం దగ్గర వంగడం మొదలెట్టింది. అన్నయ్య మధ్యలో చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. పక్కకి తిరిగి దూరుతుంటే కాలు జారింది. చేతులు ఆనించుకుంటే ఆగేవాడే, కానీ చేతుల్లో కొవ్వొత్తి ఉంది. మోకాళ్ళ మీద పడ్డాడు. రెండు మోకాళ్ళూ చీరుకుపోయి ఎముక దాకా తెల్లగా కనిపించింది. కొవ్వొత్తి మాత్రం నేల తాకలేదు.

నేను అక్కడే చతికిలబడి ఏడుపు లంకించుకున్నాను. "నేను రాను. ఇంటికి పోదాం. నాకు నీళ్ళు కావాలి."

అన్నయ్య కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "నువ్వు రాకపోతే రెండో చివర ఎవరు పట్టుకుంటారు? నేనొక్కణ్ణే మొయ్యలేనే," అన్నాడు. అన్నయ్య నోటినుంచి చేతకాదనే మాట రావడం అదే మొదలు. నాకు భయమేసి లేచాను.

కాస్త దూరం నడిచాక అడిగాను. "ఇంత కష్టపడ్డాం కదా, అమ్మకి తగ్గిపోతుంది కదా?"

"నడువు."

"తగ్గుతుందా లేదా చెప్పు."

"రాయి చూసుకుని నడవమన్నానా!" అని అరిచాడు.

సిలువ దగ్గరికి చేరేసరికి మూడు గంటల ప్రార్థన మొదలవబోతోంది. అటువైపు నుంచి ట్రాక్టర్లలో వచ్చిన జనం గొడుగుల కింద కూర్చునున్నారు. మమ్మల్ని చూసి దారిచ్చారు. గోనె విప్పితే కొవ్వొత్తి ఏటవాలుగా వంగి, ఎవరినో వెనక్కి తిరిగి పిలుస్తున్న మనిషిలా ఉంది. అందరూ కలిసి రాళ్ళు పేర్చి నిలబెట్టారు. అన్నయ్య అగ్గిపుల్ల గీశాడు. వొత్తి చిటచిటమని ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. మళ్ళీ చిటచిట. చుట్టూ ఉన్న కొవ్వొత్తులన్నీ వెలుగుతున్నాయి, మాది తప్ప. దారంతా మడుగు మడుగునా తడిపాం కదా, వొత్తి నిండా నీళ్ళే. చేపని కాపాడినట్టు కాపాడాం కొవ్వొత్తిని.

"వెలగట్లేదేంటమ్మా, ఏదో సూచన," అని ఒకావిడ పక్కావిడతో అంది. ఇప్పుడైతే ఆవిడ సంగతి చూసేదాన్ని.

ఉపదేశి గారు చాకు తెచ్చారు. "తడిసినంత మేర కోసేద్దాం బాబూ, లోపలి వొత్తి పొడిగానే ఉంటుంది," అన్నారు. చాకు పైన పెట్టగానే నేను గట్టిగా కేక పెట్టాను. "వద్దండీ! అది మా అమ్మ తల!"

కొందరు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తప్పలేదు, కోశారు. బెత్తెడు ముక్క పడబోతే నేను పట్టుకుని గౌను మడతలో దాచుకున్నాను. అన్నయ్య మళ్ళీ గీశాడు. ఈసారి అంటుకుంది. చిన్న మంట, ఎండలో కనీకనపడకుండా. నేను కళ్ళు మూసుకుని అడిగాను. అమ్మని బతికించు, ఇక అల్లరి చెయ్యను, పాలపళ్ళు తిన్నందుకు నన్నేమన్నా చెయ్యి, అమ్మనేం చెయ్యకు. ఎన్ని రకాలుగా అడగొచ్చో అన్ని రకాలుగా అడిగాను. కళ్ళు తెరిచేసరికి అన్నయ్య ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు, ఆ చీరుకుపోయిన మోకాళ్ళ మీద. పెదాలు కదులుతున్నాయి. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. నాకంటే గట్టిగా అడుగుతున్నాడని సంతోషపడ్డాను.

తర్వాత అందరికీ ఉప్పు గంజి పోశారు. అన్నం మెతుకులు తగిలే ఆ వేడి గంజి రుచి నాకు ఇంకెక్కడా దొరకలేదు. మొక్కు తీరింది గనక ట్రాక్టర్ ఎక్కించారు. ఇంటికి చేరేసరికి అమ్మ మెలకువగానే ఉంది. దాచుకొచ్చిన ముక్క అమ్మ చేతిలో పెట్టి కథంతా చెప్పాను. "ఇదా నా తలకాయ? ఇంత చిన్నదా?" అని వాసన చూసింది. "ఇదేందే, చేపల వాసన!" అంది. తర్వాత అన్నయ్య మోకాళ్ళు చూసింది. దగ్గరికి రమ్మని పిలిచి చాలాసేపు తల నిమిరింది.

అమ్మ వానలు మొదలవకముందే పోయింది. చివరి రోజుల్లో ఆమె మూలిగితే అందరం మూలిగినట్టే ఉండేది. అమ్మమ్మ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది, వెళ్తూ గోడ మీది మరియమ్మ పటాన్ని వెనక్కి తిప్పిపెట్టింది. నాన్న దాన్ని మళ్ళీ ముందుకి తిప్పలేదు. ఏ తల్లి కష్టం ఏ తల్లికీ తెలియలేదు. ఆ వీధి ఇప్పుడు అలా లేదు. బొమ్మలు చేసే ఇళ్ళు చాలావరకు పోయాయి, చింతగింజల బంక వాసన ఎలా ఉండేదో చెప్పమంటే నాకే మాటలు రావు.

కొన్నేళ్ళ తర్వాత, నాకు పెళ్ళయ్యాక, ఒక నవంబర్‌లో మైలవరం వెళ్ళాను. అన్నయ్యకి అక్కడ బస్టాండు ఎదురుగా మోటార్లు బాగుచేసే కొట్టుండేది. సమాధుల పండుగకి అమ్మ దగ్గర కొవ్వొత్తి పెట్టడానికి ఏ ఏడూ రాడు. ఆ ఏడూ రాలేదు. కడిగేద్దామనే వెళ్ళాను. గ్రీజు చేతులతో స్టూల్ మీద కూర్చుని నేనన్నవన్నీ విన్నాడు.

"నాకు మాత్రం కోపం లేదా ఆ దేవుడి మీద?" అన్నాను చివరికి. "ఆ రోజు మనం పడ్డ కష్టానికి రాయైనా కరిగేది. ఆయన వినలేదు. అయినా నేను వెళ్ళట్లేదా?"

"విన్నాడు," అన్నాడు అన్నయ్య.

నాకర్థం కాలేదు. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ, నా వంక చూడకుండా చెప్పాడు. "నువ్వు అమ్మని బతికించమని అడిగావు. నాకు తెలుసు, నీ పెదాలు చూశా. నేను తీసుకెళ్ళిపొమ్మని అడిగా. ఇంకొక్క రాత్రి కూడా ఉంచొద్దు, ఆ నొప్పి నేను చూడలేను, తీసుకెళ్ళిపో అని అడిగా. ఆలస్యంగానైనా నేనడిగిందే ఇచ్చాడు. అందుకే మళ్ళీ ఆయన్ని ఏదీ అడగలేదు."

ఎదురుగా బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. కొట్టాలనిపించింది అన్నయ్యని. కావలించుకోవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేక, తిట్టినట్టే అడిగాను. "మరి నన్నెందుకు అంత దూరం నడిపించావు? అది జరగదని నీకు తెలుసుగా. నన్నెందుకు అడగనిచ్చావు?"

"ఇద్దరిలో ఒకళ్ళన్నా అమ్మని ఉండమనాలి కదే," అన్నాడు.

కొండ మీద మోకాళ్ళూని ఆ మాట అడిగిననాటికి అన్నయ్యకింకా మీసాలు కూడా సరిగ్గా రాలేదు.